నాలుగు ట్యాంకర్ నంబర్లు, ఒక్కటే రేటు

మా అపార్ట్‌మెంట్ సంప్ పక్కన గోడకు ఒక వెదురు కర్ర ఆనించి ఉంటుంది. దాని మీద సెంటీమీటర్ల లెక్కన ఎర్ర పెయింట్ గీతలు. కొత్తగా అద్దెకు వచ్చినవాళ్ల పిల్లలు అది దేనికని అడుగుతుంటారు. ఆ గీతలు గీసింది నేనే. 2024 మార్చి మొదట్లో ఒక శనివారం రాత్రి, పదకొండు దాటాక, మా ఆయన సెల్‌ఫోన్ లైటు పట్టుకుంటే మా అబ్బాయి స్కేలు పెట్టి గీశాను.

మాది మదనపల్లె. బెంగళూరు వచ్చి పదిహేనేళ్లయింది. వర్తూరు చెరువు వైపు ఉంటాం. ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఆ కారణంగానే 64 ఇళ్లున్న మా అపార్ట్‌మెంట్‌కు నన్ను ట్రెజరర్‌ని చేశారు. కరెంటు, లిఫ్టు, సెక్యూరిటీ జీతాలు, ఇవేవీ నన్ను ఇబ్బంది పెట్టలేదు. నీళ్ల లెక్క ఒక్కటే నిద్ర పట్టనివ్వలేదు. ఇంత పెద్ద చెరువు పక్కన ఇల్లు పెట్టుకుని నీళ్లు లారీలో కొనుక్కోవడమేమిటని మా అమ్మ వచ్చినప్పుడల్లా అడుగుతుంది. ఆ చెరువు నీళ్లు కాళ్లు కడుక్కోవడానికి కూడా పనికిరావని ఆమెకు ఎన్నిసార్లు చెప్పినా మనసొప్పదు.

మాకు రెండు బోర్లు. పెద్దది 1,200 అడుగులు. 2023లో వానలు సరిగా పడలేదు. 2024 ఫిబ్రవరిలో పెద్ద బోరు ఎండిపోయింది, చిన్నది పొద్దున ఒక గంట పోసి గాలి కక్కడం మొదలుపెట్టింది. జనవరిలో నెలకు ఇరవై లోడ్ల ట్యాంకర్ నీళ్లు తెప్పించుకున్నవాళ్లం, మార్చిలో 78 లోడ్లు తెప్పించుకున్నాం. జనవరిలో లోడు 900. మార్చి వచ్చేసరికి ఏ లోడు ఎంత పడుతుందో పొద్దున ఫోన్ చేస్తే గానీ తెలిసేది కాదు. ఆ నెల నీళ్ల ఖర్చు 1,40,000 దాటింది. ఇంటికి 2,200 చొప్పున అదనంగా వసూలు చేశాను. ఆ మెసేజ్ గ్రూపులో పెట్టేటప్పుడు నా చేతులు వణికాయి.

మొదటి మీటింగ్‌లో అందరూ అన్నది ఒకటే మాట. ఒక్కడి దగ్గరే ఎందుకు కొంటున్నాం, నలుగురిని అడగండి, పోటీ పెడితే రేటు అదే దిగుతుంది. నేనూ అదే అనుకున్నాను. ఆఫీసులో కుర్చీలు కొన్నా, ప్రింటర్లు కొన్నా మూడు కొటేషన్లు లేకుండా బిల్లు పాస్ చేయను. నాలుగు ట్యాంకర్ నంబర్లు సంపాదించాను. మొదటాయన 12,000 లీటర్ల లోడుకు 2,000 అన్నాడు. రెండో ఆయన 1,800. మూడో ఆయన 2,200, కానీ మా నీళ్లు తియ్యగా ఉంటాయి అన్నాడు. నాలుగో ఆయన అపార్ట్‌మెంట్ పేరు అడిగాడు. చెప్పాను. "ఓ, ఆ రోడ్డా? అది ఆయనది కదా మేడం, ఆయన్నే అడగండి" అని పెట్టేశాడు. ఆయన అంటే మొదటాయన. మా రోడ్డుకు ఒక యజమాని ఉన్నాడని నాకు ఆ రోజే తెలిసింది.

అయినా ముగ్గురి దగ్గర తలా ఒక లోడు తెప్పించాను. అప్పుడే ఆ కర్ర పుట్టింది.

మా సంప్ 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు. అంటే ఒక్క సెంటీమీటరు మట్టం పెరిగితే 120 లీటర్లు. 12,000 లీటర్ల లోడు పోస్తే సరిగ్గా 100 సెంటీమీటర్లు లేవాలి. పైకి ఎక్కించే మోటారు ఆపించి, పోయకముందు ఒకసారి, పోశాక నీళ్లు కుదుటపడ్డాక ఇంకోసారి కర్ర దించి చూశాం. 2,000 తీసుకున్నాయన నీళ్లు 86 సెంటీమీటర్లు లేచాయి. అంటే 10,320 లీటర్లు. 1,800 ఆయనవి 80 సెంటీమీటర్లు. 2,200 ఆయనవి 95. ఇంటికొచ్చి కాలిక్యులేటర్ తీశాను. వెయ్యి లీటర్లకు మొదటాయన 194 రూపాయలు, రెండో ఆయన 188, మూడో ఆయన 193. రేట్లు వేరు, నీళ్లు వేరు, చివరికి పడే ధర మాత్రం ఇంచుమించు ఒక్కటే. తక్కువ రేటు చెప్పిన ఆయన ఆ తక్కువను మా జేబుకు కాదు, తన ట్యాంకుకు మిగిల్చుకున్నాడు.

కోపం వచ్చిన మాట నిజం. తరువాతి లోడు తెచ్చిన డ్రైవర్ని నిలదీశాను. పాతికేళ్లుంటాయి. నా తెలుగు విని, "ఏ ఊరక్కా మీది?" అన్నాడు. మదనపల్లె అన్నాను. "మాది పుంగనూరు పక్కన" అన్నాడు. ఇంక అరవాలనిపించలేదు. సెక్యూరిటీ తెచ్చిన టీ తాగుతూ బండి బంపర్ మీద కూర్చుని వాళ్ల లెక్క చెప్పాడు. మామూలు రోజుల్లో ఎనిమిది, తొమ్మిది ట్రిప్పులు కొట్టేవాడు. ఇప్పుడు మూడు. బోరు దగ్గర లైనులోనే మూడు గంటలు పోతాయి. లోడుకు 250 తీసుకునే బోరు యజమాని ఇప్పుడు 800 తీసుకుంటున్నాడు. "నీళ్లు సన్నంగా వస్తాయక్కా. ట్యాంకు నిండేదాకా నిలబడితే ఎనక బండ్లోళ్లు హారన్ కొడతారు. పైన జానెడు ఉండంగానే మూత పెట్టి కదుల్తాం." మీ ఓనరు, ఆ 1,800 ఆయన వేరే వేరే బోర్లలో నింపుతారా అని అడిగాను. "యాడక్కా, అందరం అదే తోటలోనే."

ఆ ఒక్క మాటతో నాకు మొత్తం అర్థమైంది. నా దగ్గర ఉన్న నాలుగు నంబర్ల వెనక ఉన్నది ఒకే తోట, రెండు మూడు బోర్లు. లారీలు ఎన్నుంటే ఏం, నీళ్లు ఒకే చోటివైనప్పుడు లారీలు ఒకదానితో ఒకటి పోటీ పడవు, ఆ బోరు ముందు లైనులో నిలబడతాయి. ధర పెట్టేది ట్యాంకర్ కాదు, అడుగున ఇంకా తడి ఉన్న నేల. మన దేశంలో నేల ఎవరిదో ఆ నేల కింది నీళ్లూ వాళ్లవే అన్న పద్ధతి 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం నుంచి నడుస్తోంది. పక్కనోడి బోరు ఎండేకొద్దీ మిగిలిన బోరు విలువ పెరుగుతుంది. మామూలు సరుకైతే ధర పెరిగితే ఇంకొకడు తయారుచేసి తెస్తాడు. ఇక్కడ ఇంకొకడు వచ్చి ఇంకా లోతుకు బోరు వేస్తే ఉన్న నీళ్లే ఇంకొంచెం త్వరగా అయిపోతాయి.

మార్చి 7న జిల్లా యంత్రాంగం రేట్లు కట్టడి చేసింది. 5 కిలోమీటర్ల లోపైతే 6,000 లీటర్లకు 600, 8,000కు 700, 12,000కు 1,000. 10 కిలోమీటర్ల దాకా అయితే 750, 850, 1,200. ఆ కాగితం గ్రూపులో వచ్చిన రోజు మా వాళ్లు పండగ చేసుకున్నారు. మరుసటి రోజు నాలుగు నంబర్లకూ ఫోన్ చేస్తే ముగ్గురు ఎత్తలేదు. ఎత్తినాయన లోడు లేదన్నాడు. మూడో రోజుకు ఒక పద్ధతి చెప్పాడు. బిల్లు వెయ్యికి ఇస్తాను, మిగతాది చేతికివ్వండి. ఆ రోజు పైన ఓవర్‌హెడ్ ట్యాంకులో అడుగు మట్టమే ఉంది. మూడో అంతస్తులో నెల రోజుల పసిబిడ్డ, ఐదో అంతస్తులో మంచం పట్టిన పెద్దాయన. పదకొండు రోజులు అలాగే ఇచ్చాను. నా ఇరవై ఏళ్ల అకౌంట్స్ పనిలో అబద్ధపు బిల్లు ఫైల్లో పెట్టింది అప్పుడే. జనరల్ బాడీలో లేచి నిలబడి ఆ మొత్తం ఎంతో అందరికీ చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు గానీ నాకు ఇప్పటికీ ఆ పేజీ తిప్పాలంటే బాధే.

కట్టడి తప్పని నేను అనను. ఆ కాగితం లేకపోతే మూడు వేలయ్యేదేమో. కానీ వస్తువు లేనప్పుడు రేటు రాసి అంటిస్తే, ఆ రేటుకు వస్తువు కనపడదు.

ఇంతవరకూ చెప్పింది మా కష్టం. అసలు కష్టం మా కాంపౌండ్ గోడకు అవతల ఉంది.

మా ఇంట్లో పనికి వచ్చే అక్కది ఆదోని వైపు. వాళ్లాయన సెంట్రింగ్ పని. మా వెనక ఖాళీ సైటులో నీలం పట్టాలు కప్పిన 36 రేకుల ఇళ్లున్నాయి, వాటిలో ఒకదానిలో ఐదుగురు ఉంటారు. ఆ మార్చిలో ఆమె రోజూ ఆలస్యంగా వచ్చేది. నాలుగు రోజులు చూసి ఐదో రోజు విసుక్కున్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "డ్రమ్ము బండి కోసం నిలబడితిని తల్లీ. లేకుంటే ఈ పొద్దుకు నీళ్లు లేవు" అంది. అప్పుడు కూర్చోబెట్టి అడిగాను, మీకు నీళ్లు ఎంత పడుతున్నాయని. 200 లీటర్ల డ్రమ్ము 40 ఉండేదట, అప్పుడు 80. తాగడానికి ఆర్‌ఓ ప్లాంట్‌లో ఐదు రూపాయల బిళ్ల వేస్తే 20 లీటర్ల క్యాన్. ఇంటికి ఒక్క క్యానే అని కట్టడి పెట్టారు, దానికీ గంట లైను.

రాత్రి మళ్లీ కాలిక్యులేటర్. డ్రమ్ము నీళ్లు వెయ్యి లీటర్లకు 400. ఆర్‌ఓ బిళ్ల నీళ్లు, బీదవాళ్ల కోసమే పెట్టినవి, వెయ్యి లీటర్లకు 250. మా ట్యాంకర్ 190. ఇందిరానగర్‌లోనో జయనగర్‌లోనో సొంతిల్లుండి కావేరి కొళాయి ఉన్నవాళ్లకు అప్పట్లో మొదటి 8,000 లీటర్ల దాకా వెయ్యికి 7 రూపాయలు.

ఏడు రూపాయలు. నాలుగు వందలు. ఒకే ఊరు.

ఇంకో లెక్క వేశాను. ఆమె ఇంట్లో ఐదుగురికి డ్రమ్ము, క్యాను కలిపి రోజుకు 220 లీటర్లు, 85 రూపాయలు. నెలకు 2,600 పైమాటే. మా ఇంట్లో ట్యాంకర్ నీళ్లే రోజుకు 400 లీటర్లు, అదనపు వసూలు 2,200. ఆమె నాకంటే ఎక్కువ కట్టి నా నీళ్లలో సగం వాడుతోంది. మా ఇంట్లో ఆమెకు నెలకు ఇస్తున్నది 3,500. మరుసటి నెల అది పెంచాను, కానీ దానితో ఈ లెక్క తీరదు.

ఇది మన ఊరి వింత కాదని తరువాత చదివితే తెలిసింది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్ల 2006 మానవాభివృద్ధి నివేదిక మొత్తం నీళ్ల మీదే. అందులో రాశారు, మురికివాడల్లో ఉండేవాళ్లు అదే నగరంలోని డబ్బున్నవాళ్ల కంటే లీటరుకు 5 నుంచి 10 రెట్లు ఎక్కువ కడుతుంటారని. మా గోడకు అటూ జయనగర్‌కూ మధ్య తేడా ఆ మార్చిలో 57 రెట్లు.

ఆ ఏడు రూపాయల వెనక కూడా ఒక కథ ఉంది. కావేరి నీళ్లు మనకు పల్లానికి పారి రావు. దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో తొరెకాడనహళ్లి దగ్గర నుంచి, మెట్లు మెట్లుగా, అర కిలోమీటరు ఎత్తుకు మోటార్లు పెట్టి ఎక్కించాలి. 1974లో మొదటి దశ నీళ్లు వచ్చినప్పటి నుంచీ ఇంతే. వాటర్ బోర్డు ఖర్చులో కరెంటు బిల్లుదే పెద్ద భాగం. ఏడు రూపాయలకు ఆ కరెంటు కూడా రాదు. 2014 నుంచి 2025 ఏప్రిల్ దాకా రేటు ముట్టుకోలేదు. ఇంత చవగ్గా ఇస్తే బీదవాళ్లకు మంచిదే కదా అనిపిస్తుంది. కానీ ఏ సంస్థకైనా, కొత్తగా ఒక చిన్న ఇంటికి పైపు వేసిన కొద్దీ నష్టం పెరిగేటట్టు ఉంటే, ఆ పైపు వేయడానికి ఎవరికి తొందర? చవక నీళ్లు పైపున్నవాళ్లకు దక్కాయి, పైపు లేనివాళ్లు ఆ చవకను చూడనే లేదు. 2025లో పాత రేటు మీద లీటరుకు, శ్లాబును బట్టి, ఇంకో 0.15 పైసా మొదలు ఒక పైసా దాకా అదనంగా వేసినప్పుడు ఊరంతా తిట్టింది. నేను తిట్టలేకపోయాను. మొదటి శ్లాబులో వెయ్యి లీటర్లకు పెరిగింది రూపాయిన్నర. డ్రమ్ము నీళ్లు కొనేవాళ్లను అడిగితే ఆ రేటు రెట్టింపైనా రెండు చేతులా కడతామంటారు, ముందు కొళాయి రానివ్వండి అంటారు.

నీళ్లలో పోటీ అసలు కుదురుతుందా అని అప్పటి నుంచీ దొరికినదల్లా చదువుతున్నాను. ఒక వీధిలో రెండు కంపెనీలు రెండు పైపులు వేయవు, వేస్తే ఇద్దరూ మునుగుతారు. అందుకని కొన్ని దేశాల్లో టెండరు దగ్గరే పోటీ పెట్టారు. 1997లో మనీలా నగరాన్ని తూర్పు, పడమర అని రెండు ముక్కలు చేసి రెండు ప్రైవేటు కంపెనీలకు పాతికేళ్లకు అప్పగించారు. ఇద్దరి లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చని కూడా ఒక ఆలోచన. అప్పటి రేటు ఘనమీటరుకు, అంటే వెయ్యి లీటర్లకు, 8.78 పెసోలు. తూర్పు 2.32కు పోయింది, పడమర 4.96కు. జనం సంబరపడ్డారు. వెంటనే ఆసియా ఆర్థిక సంక్షోభం వచ్చి పెసో పడిపోయింది. ప్రభుత్వ నీటి సంస్థ చేసిన పాత విదేశీ అప్పులో 90 శాతం మోస్తున్న పడమర కంపెనీ కొన్నేళ్లకు చేతులెత్తేసింది, మళ్లీ వేలం వేసి వేరేవాళ్లకు ఇవ్వాల్సి వచ్చింది. రేట్లు కూడా ఆ పాత మొదటి అంకెల దగ్గర ఆగలేదు. మరీ తక్కువ కొటేషన్ ఇచ్చినవాడు కరువులో ఫోన్ ఎత్తడని నాకు మా 1,800 ఆయన నేర్పాడు. బొలీవియాలోని కోచబాంబలో అయితే ఒకే ఒక్క కంపెనీ మిగిలింది, దానికే ఇచ్చారు, బిల్లులు పెరిగేసరికి జనం రోడ్డెక్కి 2000 ఏప్రిల్‌లో ఆ కాంట్రాక్టే రద్దు చేయించారు.

నన్ను పట్టుకున్నది మాత్రం కంబోడియా కథ. ఫ్నోమ్ పెన్ నగరం. యుద్ధాల్లో చితికిపోయిన ఊరు. 1993లో ఎక్ సోన్ చాన్ అనే ఇంజినీరు అక్కడి నీటి సంస్థ బాధ్యత తీసుకునేనాటికి, శుద్ధి చేసిన నీళ్లలో 70 శాతం పైగా లెక్క లేకుండా పోయేవి. కొంత కారిపోయేవి, కొంత దొంగ కనెక్షన్లకు, కొంత సంస్థలో వాళ్లే అమ్ముకునేవారు. అది ప్రభుత్వ సంస్థే, ప్రభుత్వ సంస్థగానే ఉంచారు. పోటీదారు ఎవరూ లేరు. ఆయన చేసింది చాలా మామూలు పని. ప్రతి కనెక్షన్‌కూ మీటరు పెట్టించాడు, పెద్దవాళ్ల ఇళ్లకు కూడా. రేటును ఖర్చు వచ్చేటట్టు పెంచాడు. బీద ఇళ్లకు నెల బిల్లులో కాదు, కనెక్షన్ ఫీజులో రాయితీ ఇచ్చాడు. ఇంటి పరిస్థితిని బట్టి 30 శాతం నుంచి మొత్తం దాకా మాఫీ, మిగిలింది వాయిదాల్లో. నష్టం 6 శాతం దగ్గరకు వచ్చింది. 2006లో ఆయనకు మెగసెసే అవార్డు ఇచ్చారు.

ఆ కనెక్షన్ ఫీజు మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మా పనక్క నెలకు 2,600 నీళ్లకే పెట్టగలిగింది, పెట్టింది. ఆమె చేతిలో లేనిది నెల బిల్లు కాదు. ఒకేసారి కట్టే వేలు, చూపించాల్సిన కాగితం, ఈ రెండే. మన బెంగళూరులోనే 2000 తరువాత తొలి ఏళ్లలో ఆస్ట్రేలియా ప్రభుత్వ సాయంతో కొన్ని బస్తీల్లో ఒక ప్రయోగం చేశారు. పట్టా లేకపోయినా రేషన్ కార్డులాంటి గుర్తింపు చూసి ఇంటికి కనెక్షన్ ఇచ్చారు, ఫీజు తగ్గించారు. నేల హక్కు వేరు, నీళ్ల హక్కు వేరు అని అంత తేలికగా విడదీయవచ్చని నాకు అది చదివేదాకా తోచలేదు.

2024 అక్టోబర్ 16న కావేరి అయిదో దశ మొదలైంది. రోజుకు 77.5 కోట్ల లీటర్లు, 2007లో నగరంలో కలిపిన 110 గ్రామాల కోసం. మా వైపు అంతా అందులోదే. మాకు కనెక్షన్‌కు కట్టాల్సింది ఇంటికి 12,500 చొప్పున తేలింది. మీటింగ్ మూడు గంటలు జరిగింది. అద్దెకు ఉన్నవాళ్లు మేమెందుకు కట్టాలన్నారు, ఓనర్లు అమెరికా నుంచి మెసేజ్‌లు పెట్టారు, ట్యాంకర్ ఉందిగా అని ఒకాయన అన్నాడు. నేను కర్ర తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టాను. మార్చి నెల బిల్లు ఒక్కటి చదివి, ఆరు నెలలు అలా కడితే కనెక్షన్ డబ్బంతా ట్యాంకర్‌కే పోయినట్టు అని చెప్పాను. 64లో 51 చేతులు లేచాయి.

2025 వేసవికి నీళ్లు వచ్చాయి. రోజు మార్చి రోజు, రెండు మూడు గంటలు. మొదటి రోజు వాల్వు తిప్పినప్పుడు సంప్ చుట్టూ ముప్పై మంది నిలబడ్డారు. ఆ నీళ్లలో సబ్బు నురగ వస్తోందని మా పక్కింటామె వచ్చి మరీ చెప్పింది. బోరు నీళ్లకు అలవాటుపడి మరిచిపోయాం, సబ్బుకు నురగ వస్తుందని.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. కావేరి వచ్చిన రెండో వారం, మా రోడ్డు యజమాని తనే ఫోన్ చేశాడు. "మేడం, లోడు 850కే ఇస్తాను, ఫుల్ లోడు, మీరు కర్ర పెట్టి చూసుకోండి." చూసుకున్నాను. 98 సెంటీమీటర్లు. మూడు ట్యాంకర్లను ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పితే దిగని రేటు, నిండని లోడు, పైపు రాగానే దిగింది, నిండింది. ఆ పైపు రోజు మార్చి రోజు, అదీ సన్నగా వస్తున్నా సరే. ట్యాంకర్‌కు పోటీ ఇంకో ట్యాంకర్ అని నేనూ మా అసోసియేషనూ అనుకున్నాం. దానికి పోటీ కొళాయి. కొళాయి ఉన్న ఇంటికి ట్యాంకరాయన మర్యాదగా మాట్లాడతాడు.

అందుకే గోడ అవతల 36 ఇళ్ల సంగతి నాకు ఇంకా మింగుడు పడదు. పైపు వాళ్ల సైటు ముందు నుంచే పోతోంది. మా పనక్క ఒక రోజు అంట్లు తోముతూ, "మీకు పెట్టిండారే మీటరు, అట్లాంటిది మాకు ఒకటి పెడితే ఎంతైతాది తల్లీ? అందరం ఏసుకుంటాం" అని అడిగింది. తెలుసుకుని చెప్తానన్నాను. సెలవు పెట్టి వాటర్ బోర్డు ఆఫీసుకు వెళ్లి అడిగాను. సైటు ఓనరు ఒప్పుకుని సంతకం పెడితే అందరికీ కలిపి ఒక కనెక్షన్, ఒక మీటరు, లోపల నాలుగు కొళాయిలు పెట్టుకోవచ్చన్నారు. మా అసోసియేషన్‌లో అడిగితే ఫీజులో సగం మేం వేసుకుంటామన్నారు. తక్కిన సగం 36 ఇళ్ల వాళ్లు నెలకింత అని చీటీలా వేసుకుంటారట. పుస్తకం నేను రాస్తానన్నాను.

అప్పుడు తెలిసింది, ఆ సైటులోకి వచ్చే డ్రమ్ము బండి సైటు ఓనరు బామ్మర్దిదని. వేరే బండిని లోపలికి రానివ్వరు. కొళాయి పెడితే ఆ బండి ఆగిపోతుంది.

పోయిన ఆదివారం నేను, మా ఆయన, పనక్క కలిసి సైటు ఓనరు ఇంటికి వెళ్లాం. మర్యాదగానే కూర్చోబెట్టాడు, కాఫీ ఇచ్చారు. అర్జీ చేతికిచ్చాను. 29 సంతకాలు, 7 వేలిముద్రలు. ఆయన రెండు పేజీలూ తిప్పి చూసి, "పండగ పోనీయండమ్మా, ఉగాది తర్వాత చూద్దాం" అన్నాడు. పనక్క గుమ్మం దగ్గరే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు. బయటికి వచ్చాక, "సంతకం పెడతాడంటావా తల్లీ?" అంది.

ఉగాదికి ఇంకా పన్నెండు రోజులుంది. ఎండలు ముదిరాయని నిన్నటి నుంచి డ్రమ్ము 40 నుంచి 50 చేశారు. అర్జీ నకలు నా ఫైల్లో, ఆ మార్చి బిల్లుల పక్కనే పెట్టుకున్నాను. పండగ మరుసటి రోజుకు సెలవు చీటీ రాసిచ్చేశాను.